బాలల సంక్షేమ సమితి ఆర్డరును సవాలు చేయాలంటే: ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి

బిడ్డ హోంలో ఉంది. సంరక్షణ అవసరమైన పిల్లల విషయంలో నిర్ణయాలు తీసుకునే బాలల సంక్షేమ సమితి ఇచ్చిన ఆర్డరు తప్పని మీకు గట్టిగా అనిపిస్తోంది. ఇలాంటప్పుడు చాలా కుటుంబాలు కంటికి కనిపించిన ప్రతి ఆఫీసులోనూ ఒక అర్జీ పెడతాయి. కలెక్టరేట్‌లో ఒకటి, ఎస్పీ ఆఫీసులో ఒకటి, బాలల హక్కుల కమిషన్‌కు ఒకటి, ఎమ్మెల్యే ఇంటి దగ్గర ఒకటి. అన్నిచోట్లా రసీదులు ఇస్తారు, కొన్నిచోట్ల ఓదార్పు మాటలూ దొరుకుతాయి. కానీ ఆ ఆర్డరును రద్దు చేసే అధికారం వాళ్లలో ఎవరికీ ఉండకపోవచ్చు. ఈలోగా అప్పీలుకు చట్టం ఇచ్చిన 30 రోజులు గడిచిపోతాయి.

అర్జీ ఎంత బాగా రాశారన్నది తర్వాతి సంగతి. మీ చేతిలో ఉన్న ఆర్డరును మార్చే అధికారం ఎవరికి ఉందో అది ముందు తేలాలి. ఆ అధికారం ఆర్డరు రకాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ పొరపాటు పడితే ఎంత న్యాయమైన కేసయినా విచారణ దాకా వెళ్లకుండానే వెనక్కి వస్తుంది.

మన దేశంలో ఈ వ్యవహారమంతా 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద నడుస్తుంది. అది 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. 2021లో చేసిన సవరణలు 2022 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. దస్తావేజులు రాసేవాళ్ల దగ్గర సవరణకు ముందటి నమూనాలు ఇంకా తిరుగుతుంటాయి కాబట్టి ఈ రెండో తేదీని గుర్తుంచుకోండి.

సమితిలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. వాళ్లలో కనీసం ఒక మహిళ ఉండాలి. వాళ్లు ధర్మాసనంగా కూర్చున్నప్పుడు ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్‌కు ఉండే అధికారాలే ఉంటాయి. అందుకే వాళ్ల ఆర్డరు సిఫార్సులతో మారదు. అదే సమయంలో అది ప్రశ్నించకూడనిదీ కాదు. న్యాయంగా విచారణ పొందే హక్కు, పక్షపాతం లేని నిర్ణయం పొందే హక్కు, నిర్ణయాన్ని సమీక్షించమని అడిగే హక్కు ఉన్నాయని అదే చట్టం సెక్షన్ 3 చెబుతోంది. బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే నిర్ణయం ఏదైనా న్యాయ సమీక్షకు లోబడి ఉండాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 9వ అధికరణం అంటుంది. భారత్ ఆ ఒడంబడికలో 1992లో చేరింది. కాబట్టి అప్పీలు వేయడమంటే సమితిని అవమానించడమేమోనన్న బెరుకు అక్కర్లేదు.

మొదట: ఆర్డరు కాపీ, తేదీ

“మీ బాబును హోంకు పంపాం, తర్వాత రండి” అని నోటిమాటతో పంపేస్తే ఊరుకోవద్దు. ఆర్డరు సర్టిఫైడ్ కాపీ కావాలని సమితి చైర్‌పర్సన్ పేరిట తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి. రెండో కాపీ మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి. తీసుకోనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆర్డరుతో పాటు మరో మూడు కాగితాలూ అడగండి: బిడ్డను సమితి ముందు హాజరుపరిచినప్పటి నివేదిక (ఫారం 17), సామాజిక దర్యాప్తు నివేదిక (ఫారం 22), బిడ్డ కోసం తయారుచేసిన వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక (ఫారం 7). అన్నీ ఇవ్వకపోవచ్చు. మీరు అడిగారన్న రుజువు మాత్రం ఉండాలి. నివేదిక చూపించకుండానే నిర్ణయం తీసుకున్నారని రేపు చెప్పుకోవాలంటే ఆ కాగితమే ఆధారం.

అప్పీలుకు 30 రోజులు ఆర్డరు తేదీ నుంచి లెక్క. కాపీ కోసం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి అది చేతికొచ్చే దాకా పట్టిన సమయాన్ని మినహాయించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 12 కింద అడగవచ్చు. కానీ దాన్ని నమ్ముకుని నిదానించకండి. గడువు దాటినా సరైన కారణం చూపిస్తే కోర్టు అప్పీలు తీసుకోవచ్చని చట్టంలోనే ఉంది. అప్పుడు అప్పీలుతో పాటు ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ వేయాలి, ఎందుకు ఆలస్యమైందో అఫిడవిట్‌లో చెప్పాలి. “తెలియక” అన్న ఒక్క మాటతో సరిపెట్టవద్దు. ఆర్డరు ఎప్పుడు తెలిసింది, కాపీ ఎప్పుడు అందింది, మధ్యలో ఎవరిని కలిశారు అన్నది తేదీలతో రాయండి. మీరు తిరిగిన ఆఫీసుల రసీదులు పనికొచ్చేది ఇక్కడే.

తర్వాత: అది ఏ రకం ఆర్డరు?

కాపీ చేతికి రాగానే చివరి పేరా చదవండి. సమితి ఏం తేల్చిందన్నది అక్కడ ఉంటుంది. సెక్షన్ 37 కింద సమితి ఇవ్వగల ఆర్డర్లు చాలానే ఉన్నాయి. బిడ్డకు సంరక్షణ, రక్షణ అవసరమని ప్రకటించవచ్చు. బిడ్డను తల్లిదండ్రులకు అప్పగించవచ్చు, లేదా బాలల గృహంలోనో శిశుగృహలోనో ఉంచవచ్చు. తగిన వ్యక్తి సంరక్షణకు ఇవ్వవచ్చు. ఫోస్టర్ కేర్‌కు (వేరే కుటుంబంలో తాత్కాలికంగా పెరగడం), స్పాన్సర్‌షిప్‌కు (బిడ్డ పెంపకానికి డబ్బు సాయం) ఆదేశించవచ్చు. దత్తతకు చట్టపరంగా అర్హురాలని ప్రకటించవచ్చు. మీ ఆర్డరు వీటిలో దేని కిందికి వస్తుందో గుర్తుపట్టి పక్కన పెన్సిల్‌తో రాసుకోండి.

ఇంకోటి చూడండి. అది తుది ఆర్డరా, తాత్కాలికమా? బిడ్డ సమితి ముందుకు వచ్చిన మొదటి రోజు ఇచ్చేది సాధారణంగా తాత్కాలిక ఆర్డరే. దర్యాప్తు నివేదిక 15 రోజుల్లో రావాలి, తుది ఆర్డరు నాలుగు నెలల్లోపు రావాలి అని సెక్షన్ 36 చెబుతుంది. తాత్కాలిక ఆర్డరు దశలోనే ఉంటే నా సలహా ఒకటే: దర్యాప్తుకు వచ్చే సోషల్ వర్కర్‌కు ఇల్లు, కాగితాలు, బడి, చుట్టుపక్కల మనుషులు అన్నీ అందుబాటులో ఉంచండి. ఆ నివేదిక బాగా వస్తే చాలా కేసులు అప్పీలు అవసరం లేకుండానే ముగుస్తాయి. ఆ రోజు ఇల్లు తాళం వేసి ఉంటే నివేదికలో ఆ ఒక్క వాక్యమే మిగిలిపోతుంది.

ఆర్డరు కింద సంతకాలు కూడా లెక్కపెట్టండి. కేసును తుదిగా తేల్చేటప్పుడు కనీసం ముగ్గురు సభ్యులు ఉండాలి. సమితి కూర్చోని రోజున బిడ్డను ఒక్క సభ్యుడి ముందు హాజరుపరచవచ్చు గానీ, ఆ ఒక్కరూ తుది నిర్ణయం చేయలేరు. ఒకే సంతకంతో తుది ఆర్డరు ఉంటే అప్పీలులో మీ మొదటి అభ్యంతరం అదే.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఎవరి దగ్గరికి?

ఎక్కువ ఆర్డర్లకు జవాబు చిల్డ్రన్స్ కోర్టు. సెక్షన్ 101(1) ప్రకారం, సమితి ఆర్డరు వల్ల నష్టపోయిన ఏ వ్యక్తయినా అక్కడ అప్పీలు వేయవచ్చు. తల్లిదండ్రులే కావాలని లేదు. బిడ్డను పెంచుతున్న అమ్మమ్మ, బాబాయి, సంరక్షకులు, చివరికి బిడ్డ కూడా వేయవచ్చు. చిల్డ్రన్స్ కోర్టు అని బోర్డు కోసం వెతికితే కనిపించకపోవచ్చు. బాలల హక్కుల కమిషన్ల చట్టం కింద ఏర్పాటైన కోర్టు గానీ పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ప్రత్యేక కోర్టు గానీ ఉంటే అదే చిల్డ్రన్స్ కోర్టు. అవి లేనిచోట సెషన్స్ కోర్టు. జిల్లా కోర్టు ఫైలింగ్ సెక్షన్‌లో అడిగితే చెబుతారు. ఆర్డరు ఇచ్చిన సమితి ఏ జిల్లాదో ఆ జిల్లా కోర్టుకే వెళ్లాలి, మీరు ఉంటున్న జిల్లాకు కాదు.

ఫోస్టర్ కేర్, స్పాన్సర్‌షిప్, ఆఫ్టర్ కేర్ (పద్దెనిమిదేళ్లు నిండి హోం నుంచి బయటికొచ్చిన వాళ్లకు ఇచ్చే సాయం) నిర్ణయాల మీద మాత్రం అప్పీలు జిల్లా మెజిస్ట్రేట్‌కు, అంటే కలెక్టర్‌కు. స్పాన్సర్‌షిప్ సాయం నిరాకరించారనో, ఫోస్టర్ కుటుంబం ఎంపిక తప్పనో అయితే కోర్టుకు వెళ్లి లాభం లేదు. గడువు అక్కడా 30 రోజులే.

కలెక్టర్‌కు మరో అధికారం ఉంది. గందరగోళం ఎక్కువగా దీని దగ్గరే. సమితి పనితీరు మీద ఫిర్యాదులు విని తగిన ఆదేశాలు ఇచ్చే అధికారిగా సెక్షన్ 27(10) కలెక్టర్‌నే పెట్టింది. బిడ్డ గానీ, బిడ్డకు సంబంధించిన ఎవరైనా గానీ ఈ ఫిర్యాదు ఇవ్వవచ్చు. సమితి కూర్చోవడం లేదు, ఆర్డరు కాపీ ఇవ్వడం లేదు, నాలుగు నెలలు దాటినా తేల్చడం లేదు, మమ్మల్ని లోపలికే రానివ్వలేదు లాంటి వాటికి ఇది సరైన చోటు. సమితి నెలలో కనీసం 20 రోజులు కూర్చోవాలని, పెండింగ్ కేసుల మీద మూడు నెలలకోసారి కలెక్టర్‌కు నివేదిక ఇవ్వాలని చట్టంలో ఉంది కాబట్టి జాప్యం గురించిన ఫిర్యాదుకు అక్కడ బలం ఉంటుంది. కానీ నిర్ణయమే తప్పు అన్నప్పుడు ఈ ఫిర్యాదు అప్పీలుకు బదులు కాదు. ఫిర్యాదు నడుస్తోందని 30 రోజుల గడువు ఆగదు. రెండూ అవసరమైతే రెండూ పెట్టండి, అప్పీలు మాత్రం గడువులోపు వేయండి.

అప్పీలే లేని ఆర్డరు ఒకటుంది. “ఈ బిడ్డకు సంరక్షణ, రక్షణ అవసరం లేదు” అని సమితి తేల్చేస్తే దాని మీద అప్పీలు ఉండదని సెక్షన్ 101(3) చెబుతుంది. ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లను తీసుకొచ్చిన మేనత్తకు ఈ పరిస్థితి ఎదురుకావచ్చు. అప్పుడు దారి సెక్షన్ 102 కింద హైకోర్టులో రివిజన్. సమితి గానీ చిల్డ్రన్స్ కోర్టు గానీ ఇచ్చిన ఏ ఆర్డరు రికార్డునైనా హైకోర్టు ఎప్పుడైనా తెప్పించుకుని, అది చట్టబద్ధమో కాదో, సబబో కాదో చూడవచ్చు.

దత్తత ఆర్డరు సంగతి వేరు. 2022 సెప్టెంబరు నుంచి ఈ చట్టం కింద దత్తత ఆర్డర్లు ఇస్తున్నది కలెక్టరే. దాని మీద 30 రోజుల్లో డివిజినల్ కమిషనర్‌కు అప్పీలు వేయాలి. ఆ పదవి లేని రాష్ట్రాల్లో, అదే హోదాలో ప్రభుత్వం నోటిఫై చేసిన అధికారికి వేయాలి. నాలుగు వారాల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది.

భార్యాభర్తల మధ్య బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న తగాదా అయితే అది ఫ్యామిలీ కోర్టు పని. ఎదుటివాళ్ల మీద గెలవడానికి సమితిని వాడుకోవాలని చూడకండి. బిడ్డ హోం గదిలో కూర్చుని ఆ తగాదా ముగిసేదాకా ఎదురుచూడాల్సి వస్తుంది.

హెబియస్ కార్పస్ (అక్రమంగా నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే రిట్ పిటిషన్) వేస్తే రెండు రోజుల్లో బిడ్డ వచ్చేస్తుందని చెప్పేవాళ్లు ప్రతి కోర్టు ఆవరణలోనూ ఉంటారు. సమితి ఆర్డరుతో హోంలో ఉన్న బిడ్డది అక్రమ నిర్బంధం అనలేమని, ఆర్డరులో తప్పుంటే అప్పీలు, రివిజన్ దారిలోనే వెళ్లాలని 2021లో అలహాబాద్ హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. ఆ తీర్పు మన హైకోర్టులను కట్టిపడేయదు గానీ, అవతలి పక్షం తప్పకుండా చూపిస్తుంది. అసలు ఆర్డరే లేకుండా బిడ్డను ఉంచేసినప్పుడు రిట్ గురించి ఆలోచించండి. ఆర్డరు ఉన్నప్పుడు అప్పీలుతోనే మొదలుపెట్టండి.

బాలల హక్కుల కమిషన్ విచారణ జరపగలదు, సిఫార్సు చేయగలదు. ఆర్డరును రద్దు చేయలేదు.

అప్పీలు కన్నా ముందు ఒక చిన్న దారి: సెక్షన్ 104

చాలామంది వదిలేసే సెక్షన్ ఇది. బిడ్డను ఏ సంస్థలో ఉంచాలి, ఎవరి సంరక్షణలో ఉంచాలి అన్న విషయంలో సమితి తన ఆర్డరును తానే మార్చుకోవచ్చు. దరఖాస్తు ఇస్తే చాలు. విచారణలో కనీసం ముగ్గురు సభ్యులు ఉండాలి, సంబంధించిన వాళ్లందరి మాటా వినాలి. పేరు, వయసు, ఊరు లాంటి రాతపొరపాట్లు ఉంటే అవీ ఇదే సెక్షన్ కింద సరిచేయించుకోవచ్చు.

ఆర్డరు వచ్చిన తర్వాత పరిస్థితి మారిన ప్రతి కేసులోనూ ముందు ఇది ప్రయత్నించమంటాను. తండ్రి జైలు నుంచి వచ్చాడు, తల్లి ఆసుపత్రి నుంచి కోలుకుంది, అమ్మమ్మ చూసుకుంటానని ముందుకొచ్చింది, ఇంట్లో ప్రమాదకరంగా ఉన్న మనిషి వెళ్లిపోయాడు. ఇవేవీ ఆర్డరు నాడు లేవు. కాబట్టి అవి సమితి చేసిన తప్పులు కావు. వాటిని అప్పీలు కోర్టు కన్నా సమితే తేలిగ్గా సరిదిద్దగలదు. పైగా ఈ దరఖాస్తుకు గడువంటూ లేదు. ఈ దరఖాస్తు పెట్టినా అప్పీలు గడువు ఆగదు. అందుకే మొదటి వారంలో 104 దరఖాస్తు పెట్టి, ఇరవయ్యో రోజుకల్లా అప్పీలు కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి.

బిడ్డ వేరే జిల్లాలోనో వేరే రాష్ట్రంలోనో దొరికితే సెక్షన్ 95 కింద సొంత జిల్లా సమితికి బదిలీ కోరండి. ముంబయిలో ఉన్న ఆర్డరు మీద అక్కడికి వెళ్లి పోరాడటం కన్నా, బిడ్డను ముందు మన జిల్లాకు రప్పించుకోవడం చాలా కుటుంబాలకు వీలైన పని. బదిలీ ఆర్డరు అందాక 15 రోజుల్లో పోలీసు ఎస్కార్ట్‌తో పంపాలి.

లాయరు

డబ్బు లేదని ఆగిపోకండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 చెబుతుంది. తల్లి పేరుతోనో అమ్మమ్మ పేరుతోనో అప్పీలు వేస్తే ఆదాయ ధ్రువపత్రం గొడవే ఉండదు. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆర్డరు కాపీ వచ్చిన రోజే వెళ్లండి. లాయరును కేటాయించడానికీ రోజులు పడతాయి.

అప్పీలులో ఏం రాయాలి

ఇక్కడ తొందరపడవద్దు. “బిడ్డ మాది, మాకివ్వండి” అన్న వాదన మనసుకు ఎంత నిజమైనా కోర్టులో బలహీనం. జడ్జి చూసేది బిడ్డకు ఏది మేలన్నదే. మీ హక్కు గురించి ఒక పేరా, బిడ్డ గురించి పది పేరాలు ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తొమ్మిదేళ్ల బాబు సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒంటరిగా దొరికాడు. తల్లి వలస కూలీ, పని కోసం వేరే ఊళ్లో ఉంది. బాబును పెంచుతున్నది అమ్మమ్మ. ఆమె వెళ్లి అడిగితే, “ఆర్థిక స్థోమత లేదు, పెద్ద వయసు” అని రాసి సమితి బాబును హోంలోనే ఉంచింది. ఈ ఆర్డరులో ఏ లోపాలు ఎత్తిచూపవచ్చు?

మొదటిది విధానం. అమ్మమ్మ మాట నమోదు చేశారా? బాబును అడిగారా? తన విషయంలో జరిగే నిర్ణయంలో బిడ్డకు పాలుపంచుకునే హక్కు ఉందని సెక్షన్ 3 చెబుతుంది. దర్యాప్తు నివేదిక రాకముందే తుది ఆర్డరు ఇచ్చారా? ఇలాంటి ప్రశ్నలకు జవాబు రికార్డులో కనిపించాలి. కనిపించకపోతే, అది ఫలానా పేజీలో లేదని రాయండి.

రెండోది కారణం. సంస్థలో ఉంచడం ఆఖరి మార్గంగానే ఉండాలన్నది చట్టంలోని మూల సూత్రాల్లో ఒకటి. బిడ్డను పెంచే మొదటి బాధ్యత కుటుంబానిదన్నది మరొకటి. పేదరికం ఒక్కటే బిడ్డను కుటుంబం నుంచి వేరుచేయడానికి కారణం కాకూడదని 2009లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు స్పష్టంగా అంటాయి. మన చట్టం పేదరికానికి వేరే మందు పెట్టింది: సెక్షన్ 45 కింద స్పాన్సర్‌షిప్. మిషన్ వాత్సల్య పథకంలో అది బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. సమితి దాన్ని పరిశీలించకుండానే హోంను ఎంచుకుందన్నది ఈ అమ్మమ్మ అప్పీలులో అన్నిటికన్నా బలమైన పాయింటు అవుతుంది. పేదరికం కారణంగా ఆగిపోయిన ప్రతి కుటుంబం దీన్ని తప్పక రాయాలని నా గట్టి నమ్మకం.

మూడోది ప్రత్యామ్నాయం. కోర్టు ఆర్డరును రద్దు చేస్తే రేపు బాబు ఎక్కడ పడుకుంటాడు, ఏ బడికి వెళ్తాడు, అమ్మమ్మకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు? వీటికి జవాబులు కాగితం మీద ఉండాలి. జనన ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు, బడి రికార్డు, అంగన్‌వాడీ కార్డు, ఇంటి ఫోటోలు, పక్కింటివాళ్ల అఫిడవిట్లు, తల్లి ఎక్కడ పనిచేస్తోందో చూపే రుజువు జతచేయండి. హోంలో బాబును చూడటానికి వెళ్లిన తేదీలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ములాఖత్‌కు క్రమం తప్పకుండా వెళ్లిన కుటుంబం గురించి హోం సూపరింటెండెంట్ నివేదికలో కూడా మంచి మాట ఉంటుంది. ఎలాగూ అప్పీలు వేశాం కదా అని వెళ్లడం మానేయకండి. బిడ్డకు మీ అప్పీలు గురించి తెలియదు. తెలిసేదల్లా మీరు వచ్చారా రాలేదా అన్నదే.

ఆర్డరు నిజంగా తప్పయినప్పుడే తప్పు అనండి. సమితి భయపడిన దానిలో నిజముంటే దాన్ని దాచకుండా, దానికి మీరేం చేశారో రాయండి. తండ్రి తాగి కొడతాడని నివేదికలో ఉంటే, “అబద్ధం” అన్న ఒక్క మాట కన్నా, ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడు, చికిత్సకు వెళ్తున్నాడా, ఇంట్లో బిడ్డకు ఇంకెవరు అండ అన్న వివరాలే పనిచేస్తాయి. లైంగిక దాడి ఆరోపణ ఉన్న ఇంట్లో అయితే, నిందితుడు ఆ కప్పు కింద లేడని రుజువు చేయకుండా బిడ్డను ఇవ్వమని అడగవద్దు. అది చట్టం కోసం చెబుతున్న మాట మాత్రమే కాదు.

వయసు తగాదా ఉంటే దాన్నే ముందు పెట్టండి. ప్రేమ పెళ్లి కేసుల్లో అమ్మాయిని మైనర్ అని హోంకు పంపడం తరచూ జరుగుతుంది. పద్దెనిమిదేళ్లు నిండిన వ్యక్తి మీద సమితికి అధికారమే లేదు. వయసు ఎలా తేల్చాలో సెక్షన్ 94 వరుస చెప్పింది: ముందు బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా బోర్డు మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. సమితి ఈ వరుస తప్పితే అదొక్కటే సరిపోయే కారణం.

దత్తతకు అర్హురాలని ప్రకటించేస్తే మాత్రం ఒక్క రోజు కూడా వృథా చేయవద్దు. అనాథ, వదిలేసిన బిడ్డల విషయంలో రెండేళ్లలోపు బిడ్డకు రెండు నెలల్లో, అంతకన్నా పెద్దయితే నాలుగు నెలల్లో సమితి ఈ ప్రకటన చేయాలి. దానికి ముందు తల్లిదండ్రుల కోసం అన్ని ప్రయత్నాలూ చేసి ఉండాలి, ముగ్గురు సభ్యులు నిర్ణయించి ఉండాలి. స్వయంగా అప్పగించిన తల్లిదండ్రులకైతే మనసు మార్చుకోవడానికి రెండు నెలలు ఉంటాయి. ఆ రెండు నెలల లోపే రాతపూర్వకంగా సమితికి చెప్పండి, నోటితో చెప్పి రావద్దు. ప్రకటన వెలువడ్డాక బిడ్డ వివరాలు దత్తత పోర్టల్‌కు వెళ్తాయి, ఒక కొత్త కుటుంబం ఆశ పెట్టుకుంటుంది. అందుకే అప్పీలుతో పాటే దత్తత ప్రక్రియను ఆపమని స్టే పిటిషన్ వేయాలి.

కాగితాల్లో బిడ్డ పూర్తి పేరు రాయకుండా పొడి అక్షరాలు వాడమని లాయరును అడగండి. బిడ్డ ఫోటోను, పేరును వాట్సాప్ గ్రూపుల్లో, టీవీ చానళ్లలో పెట్టి “న్యాయం చేయండి” అనవద్దు. బిడ్డ గుర్తింపు బయటపెడితే సెక్షన్ 74 కింద ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా పడవచ్చు. ఆ శిక్ష కన్నా, ఆ ఫోటో ఎప్పటికీ చెరగకపోవడం పెద్ద నష్టం.

విచారణ రోజు

అప్పీలును 30 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది. వాయిదాలు పెరుగుతుంటే మీ లాయరు ఈ మాటను మర్యాదగా గుర్తుచేయవచ్చు. ప్రధాన అప్పీలు తేలేలోగా బిడ్డతో మాట్లాడటానికి, పండక్కి ఇంటికి తెచ్చుకోవడానికి, కనీసం దగ్గరి హోంకు మార్చడానికి మధ్యంతర పిటిషన్ వేయండి. సమితి రికార్డు మొత్తం తెప్పించమని మొదటి వాయిదాలోనే అడగండి. బిడ్డతో జడ్జి తన చాంబర్‌లో విడిగా మాట్లాడాలని కోరవచ్చు. బిడ్డకు ఏం చెప్పాలో నేర్పి పంపవద్దు. నేర్పిన మాట జడ్జికి ఇట్టే తెలిసిపోతుంది, బిడ్డ మీద భారమూ పడుతుంది.

కోర్టు ఆర్డరును రద్దు చేయవచ్చు, మార్చవచ్చు, మళ్లీ విచారించమని సమితికే తిప్పి పంపవచ్చు. తిప్పి పంపితే నిరాశపడకండి. ఎన్ని వారాల్లో తేల్చాలో గడువు పెట్టమని ఆ రోజే అడగండి. గడువు లేకపోతే కేసు మళ్లీ మొదటికొస్తుంది.

అక్కడా ఓడిపోతే

సెషన్స్ కోర్టు అప్పీలులో ఇచ్చిన ఆర్డరు మీద రెండో అప్పీలు లేదు. మిగిలింది సెక్షన్ 102 కింద హైకోర్టు రివిజన్. తెలంగాణ వాళ్లకు హైదరాబాద్, ఆంధ్రప్రదేశ్ వాళ్లకు అమరావతి. రెండుచోట్లా హైకోర్టు న్యాయ సేవల కమిటీ ఉచితంగా లాయరును ఇస్తుంది. రివిజన్‌లో వాస్తవాలన్నీ మళ్లీ మొదటి నుంచి తవ్వరు. ఆర్డరు చట్టానికి లోబడి ఉందా, సబబుగా ఉందా అన్నదే చూస్తారు. కాబట్టి అమ్మమ్మ ఇంటి ఫోటోల కన్నా, స్పాన్సర్‌షిప్‌ను పరిశీలించలేదన్న లోపమే ఇక్కడ ముందుకు రావాలి. పరిస్థితి మారితే సమితి దగ్గర 104 దరఖాస్తు దారి అప్పటికీ తెరిచే ఉంటుంది.

బిడ్డను ఇంటికి పంపమని ఆర్డరు వస్తే, సర్టిఫైడ్ కాపీతో సమితి దగ్గరికీ హోం దగ్గరికీ మీరే వెళ్లండి. బిడ్డను బాగా చూసుకుంటామని హామీపత్రం రాయమంటారు, కొన్ని నెలలు పర్యవేక్షణ పెట్టవచ్చు. వచ్చే సోషల్ వర్కర్‌ను శత్రువులా చూడకండి. టీసీ, టీకాల కార్డు, హోంలో వాడిన మందుల చీటీలు అడిగి తెచ్చుకోండి. ఆ వారంలోనే బడిలో చేర్పించండి. స్పాన్సర్‌షిప్ దరఖాస్తును జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అదే వారంలో ఇవ్వండి.